అమ్మాయిల బృందాల 45లు: లేబుల్ కాదు, గాడి చూసి కొనండి

1961 జనవరిలో షిరెల్స్ బృందం పాడిన 'విల్ యూ లవ్ మీ టుమారో' అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి చేరింది. నల్లజాతి అమ్మాయిల బృందం ఒకటి ఆ చోటికి వెళ్లడం అదే మొదలు. అక్కడి నుంచి ఐదారేళ్ల పాటు న్యూయార్క్, డెట్రాయిట్, లాస్ ఏంజెలెస్ స్టూడియోల నుంచి ముగ్గురు నలుగురు అమ్మాయిలు కలిసి పాడిన రెండున్నర నిమిషాల పాటలు వరదలా వచ్చాయి. అవి దొరికేది ఏడు అంగుళాల 45 ఆర్‌పీఎం సింగిల్స్ మీద, అంటే నిమిషానికి 45 చుట్లు తిరిగే, వైపుకు ఒక పాట ఉండే రికార్డుల మీద. ఈ మార్గదర్శి ఆ సింగిల్స్ సేకరించాలనుకునే వాళ్ల కోసం.

సేకరణ అనగానే అరుదైన వాటి వేట అనుకుంటారు. ఇక్కడ లెక్క వేరు. హిట్ పాటలు లక్షల్లో అచ్చయ్యాయి, ఇప్పటికీ కుప్పలుగా దొరుకుతాయి. దొరకనిది శుభ్రమైన ప్రతి. వీటిని కొన్నది స్కూలు పిల్లలు. ఒకదాని మీద ఒకటి పడేసే ఆటోమేటిక్ ఛేంజర్ ప్లేయర్ల మీద, ముల్లు ఎగరకుండా దాన్ని పట్టుకునే కడ్డీ తల మీద నాణెం పెట్టి మరీ వాయించారు. కవరు లేకుండా పార్టీలకు మోసుకెళ్లారు. కలిసిపోకూడదని లేబుల్ మీద పెన్నుతో పేరు రాసుకున్నారు. కాబట్టి ఈ రంగంలో డబ్బు పెట్టాల్సింది పాట పేరు మీద కాదు, ముల్లు నడిచే గాడి ఎంత మిగిలి ఉందన్న దాని మీద.

మొదట ఒక దారం పట్టుకోండి

కనపడిందల్లా కొంటే ఏడాది తిరిగేసరికి రెండు వందల గీతల రికార్డులు మిగులుతాయి. ఒక లేబుల్‌నో (అంటే రికార్డు కంపెనీ పేరునో), ఒక స్టూడియోనో, ఒక రచయితల జంటనో పట్టుకుని 20, 25 సింగిల్స్ జాబితా రాసుకోండి. మొదలుపెట్టడానికి తగిన లేబుళ్లు ఇవి:

- సెప్టర్: న్యూయార్క్, ఫ్లోరెన్స్ గ్రీన్‌బర్గ్ స్థాపించినది. షిరెల్స్ ఇల్లు.
- ఫిలీస్: 1961లో ఫిల్ స్పెక్టర్, లెస్టర్ సిల్ కలిసి పెట్టారు. క్రిస్టల్స్, రోనెట్స్. చాలావరకు లాస్ ఏంజెలెస్ గోల్డ్ స్టార్ స్టూడియోలో రికార్డు చేసినవి.
- టామ్లా, మోటౌన్, గోర్డీ: డెట్రాయిట్‌లో ఒకే సంస్థకు మూడు లేబుళ్లు. మార్వెలెట్స్ టామ్లా మీద, సుప్రీమ్స్ హిట్లు మోటౌన్ మీద, మార్థా అండ్ ది వాండెల్లాస్ గోర్డీ మీద.
- రెడ్ బర్డ్: 1964లో మొదలైంది. డిక్సీ కప్స్, షాంగ్రి-లాస్. జీవితం చిన్నది, జాబితా చిన్నది, అందుకే పూర్తి చేయడం సాధ్యం.
- లారీ మీద షిఫాన్స్, డైమెన్షన్ మీద కుకీస్.

మా ఓటు మాత్రం రచయితల జంటకే. గెర్రీ గోఫిన్, కెరోల్ కింగ్ రాసినవి అని పెట్టుకుంటే సెప్టర్, డైమెన్షన్, లారీ అన్నీ ఒకే పెట్టెలోకి వస్తాయి. జెఫ్ బ్యారీ, ఎల్లీ గ్రీన్‌విచ్ అనుకుంటే ఫిలీస్ నుంచి రెడ్ బర్డ్ దాకా దారి దానంతటదే పడుతుంది. రచయితల పేర్లు లేబుల్ మీద పాట పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. బీటిల్స్ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఇంకో దారి ఉంది. 1963లో వచ్చిన వాళ్ల మొదటి రెండు ఎల్‌పీల్లో షిరెల్స్, కుకీస్, మార్వెలెట్స్, డోనేస్ పాటలు మళ్లీ పాడారు. ఆ అసలు సింగిల్స్ వెతికితే చక్కని చిన్న సేకరణ అవుతుంది.

లేబుల్ మీద ఉన్న బృందం పేరును గుడ్డిగా నమ్మకండి. 1962లో క్రిస్టల్స్ పేరుతో నంబర్ వన్ అయిన ఫిలీస్ 106 (ఫిలీస్ లేబుల్, రికార్డు నంబరు 106) పాడింది క్రిస్టల్స్ కాదు. డార్లీన్ లవ్ ముందు గొంతుగా బ్లాసమ్స్ బృందం పాడింది. గొంతును బట్టి సేకరించేవాళ్లకు ఇది పెద్ద తేడా.

వినైలా, స్టైరీనా? ముందు ఇది తేల్చాలి

కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే, అదీ అమ్మేవాడి వల్ల కాదు, తెలియక. అమెరికాలో 45లు రెండు పదార్థాలతో తయారయ్యాయి. వినైల్ రికార్డును ముద్దగా పెట్టి రెండు అచ్చుల మధ్య నొక్కుతారు. స్టైరీన్ రికార్డును కరిగించిన పాలీస్టైరీన్‌ను అచ్చులోకి పంపి పోత పోస్తారు. పని త్వరగా అవుతుంది, అచ్చులు ఎక్కువ కాలం మన్నుతాయి, ఖర్చు తక్కువ. లాస్ ఏంజెలెస్‌లోని మోనార్క్ కర్మాగారం, కొలంబియా కర్మాగారాలు 45లకు స్టైరీన్ బాగా వాడాయి. ఒకే పాట, ఒకే నంబరు, ఒకే నెల. అయినా ఒక ఊళ్లో అచ్చయింది వినైల్, మరో ఊళ్లో అచ్చయింది స్టైరీన్ కావచ్చు.

కొత్తగా ఉన్నప్పుడు స్టైరీన్ ధ్వనిలో ఏ లోటూ ఉండదు. చిక్కంతా అరుగుదలలో. స్టైరీన్ గట్టిది, కానీ పెళుసు. అరిగిన ముల్లు, బరువు ఎక్కువైన ముల్లు వినైల్ గాడిని కొంత వంచి వదిలేస్తుంది, స్టైరీన్ గాడిని చెక్కేస్తుంది. ఆ చెక్కిన చోట పాట వెనక ఎడతెగని 'స్స్' వినిపిస్తుంది, ముఖ్యంగా గొంతు పైకి లేచిన చోట, వయొలిన్లు వచ్చిన చోట. కడిగితే పోదు. కంటికి అద్దంలా మెరుస్తున్న స్టైరీన్ కూడా ఇలా పలకవచ్చు. పైగా రేడియో స్టేషన్లలో పాట మొదలు కోసం రికార్డును ముందుకూ వెనక్కూ తిప్పేవారు. దానివల్ల మొదటి రెండు మూడు సెకన్లు మాడినట్టు గరగరలాడతాయి. సేకర్తలు దీన్ని క్యూ బర్న్ అంటారు. ప్రోమో కాపీల్లో, అంటే ప్రచారం కోసం రేడియోలకు పంపినవాటిలో, ఇది మామూలు.

గుర్తుపట్టే పద్ధతి:

1. లేబుల్ అంచు చూడండి. వినైల్‌లో కాగితం ప్లాస్టిక్‌తో పాటే నొక్కుడుపడి దానిలో కలిసిపోయి ఉంటుంది. స్టైరీన్‌లో తర్వాత జిగురుతో అంటిస్తారు, అందుకే అంచు వేలికి తగులుతుంది, ఒక్కోసారి లేచి ఉంటుంది.
2. రికార్డును మధ్య రంధ్రంలో వేలు పెట్టి వేలాడదీసి గోటితో మెల్లగా తట్టండి. వినైల్ మొద్దుగా పలుకుతుంది. స్టైరీన్ ప్లాస్టిక్ ప్లేటులా 'టిక్' మంటుంది.
3. చేతిలో బరువు చూడండి. స్టైరీన్ తేలిక, బిర్రు.
4. వంచి చూడకండి. స్టైరీన్ అయితే పరీక్ష అక్కడితో ముగుస్తుంది, రికార్డు కూడా.

ఒకే సింగిల్ రెండు రకాలుగానూ దొరికితే కొంచెం గీతలున్నా వినైల్ తీసుకోండి. కేవలం స్టైరీన్‌లోనే ఉంటే వాయించి చూసి గ్రేడు ఇచ్చిన ప్రతి మాత్రమే కొనండి.

గాడి చివర రాసినది చదవడం

పాట అయిపోయిన తర్వాత లేబుల్ దాకా ఉండే నున్నటి పట్టీని డెడ్ వ్యాక్స్ అంటారు. లేబుల్‌ను ఎవరైనా మళ్లీ అచ్చు వేయగలరు. ఇక్కడి గుర్తులను సరిగ్గా అనుకరించడం అంత సులువు కాదు. టేబుల్ లైటును పక్క నుంచి వాలుగా పడేలా పెట్టి, పదింతలు చూపే భూతద్దంతో రికార్డును మెల్లగా తిప్పుతూ చదవండి.

చిన్న త్రిభుజం పక్కన ఐదంకెల సంఖ్య, గుండ్రటి గీతలో రెండక్షరాల ముద్ర ఉంటే అది మోనార్క్. ఆ సంఖ్యలు పని వచ్చిన వరుసలో ఇచ్చినవి కాబట్టి అచ్చయిన కాలాన్ని అంచనా వేయడానికి పనికొస్తాయి. న్యూయార్క్ లేబుళ్లలో బెల్ సౌండ్ స్టూడియో ముద్ర తరచు కనిపిస్తుంది. కర్మాగారం ముద్రలు యంత్రంతో పడినవి. అవి ఉండాల్సిన చోట అంతా చేత్తో గీసిన వంకర అక్షరాలే ఉంటే ఆగి, తెలిసిన అసలు ప్రతి ఫోటోతో పోల్చండి. అలాగని చేతిరాత ఉన్నదల్లా నకిలీ కాదు. చాలా అసలు ప్రతుల్లో మ్యాట్రిక్స్ నంబరు (ఆ అచ్చును గుర్తుపట్టే సంఖ్య) చేత్తోనే గీశారు.

లేబుల్ నుంచి పట్టుకోగల ఆధారాలూ ఉన్నాయి. అమెరికాలో జిప్ కోడ్ 1963 జులైలో వచ్చింది. 1961 పాట లేబుల్ మీద చిరునామాలో ఐదంకెల జిప్ కోడ్ ఉందంటే అది తర్వాతి ముద్రణ. షిరెల్స్ సెప్టర్ 1211 తొలి ప్రతుల్లో పాట పేరు ఒకే పదం, 'టుమారో'. పూర్తి ప్రశ్నగా ఉన్నది తర్వాత వచ్చింది. ఫిలీస్ లేబుల్ మొదట నీలం-నలుపు, 1964 నాటికి పసుపు-ఎరుపు. మోటౌన్ యెస్టర్‌ఇయర్, కలెక్టబుల్స్ అన్న పేర్లు కనిపిస్తే అవి పునర్ముద్రణలు. వినడానికి బాగానే ఉంటాయి, పునర్ముద్రణ ధరే ఇవ్వండి.

క్రిస్టల్స్ పేరుతో ఫిలీస్ 111 అన్న నంబరు కనిపిస్తే వెంటనే అనుమానించండి. 1963 నాటి ఆ క్రిస్టల్స్ రికార్డు తెల్ల లేబుల్ ప్రోమోగా అతి కొద్ది ప్రతులే వచ్చింది. బజారులో తిరిగేవి దాదాపు అన్నీ నకిలీలే. ఇదే లేబుల్‌లో రెండో వైపు పాటలు చూస్తే నవ్వొస్తుంది. రేడియో వాళ్లు పొరపాటున కూడా రెండో వైపు వేయకూడదని స్పెక్టర్ అక్కడ సాదాసీదా వాద్య సంగీతం పెట్టించి, దానికి వాయిద్యకారుల పేర్లే పెట్టాడు. రోనెట్స్ ఫిలీస్ 116 రెండో వైపు పేరు టెడెస్కో అండ్ పిట్‌మన్, ఇద్దరూ గిటారిస్టులు. ఆ వైపు తళతళలాడటం చూసి మోసపోకండి, దాన్ని ఎవరూ వాయించి ఉండరు. గ్రేడు చూడాల్సింది పాట ఉన్న వైపు.

గ్రేడు, ధర, అడగాల్సిన ప్రశ్నలు

అమెరికా అమ్మకందార్లు గోల్డ్‌మైన్ పద్ధతి వాడతారు: మింట్ (కొత్తదానిలా), నియర్ మింట్, వీజీ (వెరీ గుడ్) ప్లస్, వీజీ, జీ. నియర్ మింట్ ధర 1000 రూపాయలనుకుంటే వీజీ ప్లస్ 500, వీజీ 250, జీ 100 నుంచి 150 అన్నది ఆ పద్ధతి వాడుక లెక్క. జీ అంటే 'గుడ్' అని రాస్తారు గానీ అందులో గుడ్ ఏమీ లేదు. బ్రిటన్ అమ్మకందార్ల మెట్లు వేరు, నియర్ మింట్ బదులు 'ఎక్సలెంట్' ఉంటుంది. అక్షరాలు కలిశాయని అర్థం కూడా అదేననుకోవద్దు.

డబ్బు పంపే ముందు ఇవి అడగండి. వినైలా, స్టైరీనా? వాయించి గ్రేడు ఇచ్చారా, చూసి ఇచ్చారా? మధ్య రంధ్రం నుంచి సన్నని చీలిక ఉందా? లేబుల్ మీద రాత, స్టిక్కర్, డ్రిల్లు చేసిన చిన్న రంధ్రం ఉన్నాయా? డెడ్ వ్యాక్స్‌లో ఏముంది? ఐదింటికీ జవాబు చెప్పలేని వాడి దగ్గర చౌకైనా వద్దు. లేబుల్ మీద ఎవరో పాప పేరు రాసి ఉండటం వినికిడికి అడ్డు కాదు, దానివల్ల ధర మాత్రం తగ్గుతుంది. వినడానికి కొనేవాళ్లకు అదే లాభం.

ఫ్రెంచ్ యే-యే పాటల వైపు, అంటే అరవైల నాటి ఫ్రెంచ్ పాప్ వైపు, వెళ్లేవాళ్లకు ఒక్క మాట. 1962 నాటి గాయని ఫ్రాంస్వాజ్ ఆర్డీ వోగ్ లేబుల్ రికార్డులైనా, 1965లో యూరోవిజన్ పాటల పోటీ గెలిచిన ఫ్రాన్స్ గాల్ ఫిలిప్స్ లేబుల్ రికార్డులైనా, ఆ కాలంలో అక్కడ మామూలుగా నాలుగు పాటల ఈపీలుగా, బొమ్మ ఉన్న అట్ట కవరుతో వచ్చాయి. అమెరికా 45లు చాలావరకు సాదా కాగితం కవర్లలో వచ్చాయి. అందుకే ఫ్రెంచ్ ఈపీల్లో కవరుకూ రికార్డుకూ విడివిడిగా గ్రేడు అడగాలి. ధరలో పెద్ద వాటా కవరుదే.

ఇంటికి చేర్చడం

హైదరాబాద్‌లో అబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల దగ్గర, జుమ్మేరాత్ బజార్‌లో రికార్డులు కనిపించినా అవి ఎక్కువగా సినిమా పాటలవే. వీటి కోసం బయటి నుంచి తెప్పించుకోక తప్పదు. తపాలా ఖర్చు ఒక రికార్డుకూ పది రికార్డులకూ పెద్ద తేడా ఉండదు కాబట్టి ఒకే అమ్మకందారు దగ్గర ఎనిమిది, పది కలిపి తీసుకోండి. కస్టమ్స్ సుంకం వస్తువు ధర మీదే కాదు, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద లెక్కిస్తారు, ముందే బడ్జెట్‌లో వేసుకోండి.

ప్యాకింగ్ విషయంలో అమ్మేవాడికి స్పష్టంగా చెప్పండి: రికార్డుల కట్టకు రెండు వైపులా రెండేసి ముడతల అట్టలు, ఒకదాని గీతలు నిలువుగా, రెండోదానివి అడ్డంగా. రెండూ ఒకే వైపు ఉంటే ఆ గీత మీదే విరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో తెప్పించకండి. ఎండలో నిలబెట్టిన మూసిన వ్యాన్‌లో వేడికి వినైల్ మెత్తబడి వంకర తిరుగుతుంది.

అమెరికాలో బంధువులుంటే పని సులువు. షిరెల్స్ పుట్టిన పసేక్ ఊరు న్యూజెర్సీలోనే ఉంది, మనవాళ్లూ ఆ రాష్ట్రంలో బాగా ఉన్నారు. జాబితా పంపి, రికార్డు మేళాల్లో, చర్చి అమ్మకాల్లో చూడమనండి. వచ్చేటప్పుడు 25 రికార్డుల కట్ట కిలో పైచిలుకు తూగుతుంది, చేతి సంచిలోనే పెట్టుకోమనండి. ఎక్స్-రే వల్ల ఏమీ కాదు. చెక్-ఇన్ పెట్టెలో పచ్చళ్ల సీసా పక్కన పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

వాయించడం

ఈ సింగిల్స్ దాదాపు అన్నీ మోనో, అంటే ఒకే ఛానల్ ధ్వని. స్టీరియో కార్ట్రిడ్జ్‌తో (ముల్లు బిగించి ఉండే భాగం) వాయించవచ్చు, కానీ ఆంప్లిఫయర్‌లో మోనో బటన్ ఉంటే నొక్కండి. మోనో గాడిలో సంగీతం పక్కలకు కదిలే కదలికలోనే ఉంటుంది. పైకీ కిందికీ కదిలేదంతా దుమ్ము, గీతల చప్పుడే. రెండు ఛానళ్లు కలిపితే ఆ నిలువు చప్పుడు చాలావరకు రద్దవుతుంది. బటన్ లేకపోతే కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేటప్పుడు మోనోగా మార్చుకోవచ్చు.

ముల్లు గుండ్రటి మొన ఉన్నది, అంటే కోనికల్, తీసుకోండి. సన్నని ఎలిప్టికల్ మొన శుభ్రమైన వినైల్ మీద మరింత వివరం తీస్తుంది గానీ స్టైరీన్ మీద అంత క్షేమం కాదు. ఆడియో-టెక్నికా వీఎం95సీకి 2 గ్రాముల బరువు, ఆర్టోఫోన్ 2ఎం మోనోకు 1.8 గ్రాములు. చిన్న డిజిటల్ తూకంతో చూసుకుని పెట్టండి. బరువు తగ్గిస్తే రికార్డుకు మేలనుకోవడం పొరపాటు. తేలికైన ముల్లు గాడి గోడల మధ్య ఎగిరిపడి ఇంకా ఎక్కువ గీకుతుంది. 78 రికార్డులకు వాడే లావు ముల్లును ఈ 45ల మీద ఎప్పుడూ పెట్టకండి.

అమెరికా 45 మధ్య రంధ్రం అంగుళంన్నర. ప్లేటు మీద పెట్టే గుండ్రటి లోహపు అడాప్టర్ వాడండి. రికార్డులోకి నొక్కే పసుపు ప్లాస్టిక్ బిళ్లలు స్టైరీన్‌లో పెట్టి తీస్తుంటే రంధ్రం అంచు చీలుతుంది. పాత రికార్డు అలాంటి బిళ్లతోనే వస్తే, స్టైరీన్ అయితే అలాగే ఉంచేయండి. పాట ఊగుతున్నట్టు, శ్రుతి జారుతున్నట్టు వినిపిస్తే రంధ్రం కేంద్రం తప్పిందన్నమాట. తిరుగుతున్నప్పుడు టోన్ ఆర్మ్, అంటే ముల్లు పట్టుకునే కడ్డీ, పక్కలకు ఊగుతుందేమో గమనించండి. ఊగితే ముల్లు లేపి, ప్లేటు ఆపి, అడాప్టర్ వదులు ఉన్నంత మేర రికార్డును వెంట్రుకవాసి జరిపి మళ్లీ చూడండి. రెండు మూడు ప్రయత్నాల్లో కుదురుతుంది.

చివరి అరనిమిషంలో పాట బొంగురుపోతే అది అరుగుదలే కానక్కర్లేదు. లోపలి వలయాల్లో గాడి నిడివి తగ్గుతుంది, పైగా రేడియో కోసం వీటి గాడిలో పాటను పెద్ద శబ్దంతో కోశారు. ముందు కార్ట్రిడ్జ్ అమరిక సరిచూడండి, తర్వాతే అమ్మేవాడితో గొడవపడండి.

కడగడం

పొడి దుమ్ముకు కార్బన్ ఫైబర్ బ్రష్ చాలు. మడ్డి పట్టినవాటికి రెండు సీసాల్లో రెండు ద్రావణాలు చేసుకోండి.

- వినైల్‌కు: డిస్టిల్డ్ వాటర్ 800 మి.లీ., 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 200 మి.లీ., ఫోటో ఫిల్ములు కడగడానికి వాడే వెట్టింగ్ ఏజెంట్ 10 చుక్కలు.
- స్టైరీన్‌కు: డిస్టిల్డ్ వాటర్ లీటరు, వెట్టింగ్ ఏజెంట్ 10 చుక్కలు. ఆల్కహాల్ అసలు వద్దు.

బ్యాటరీ షాపులో నీళ్లు కొంటే అది యాసిడ్ కలిపినది కాదని సీసా మీద చదివి తీసుకోండి. బోరు నీళ్లు, మున్సిపాలిటీ నీళ్లు వద్దు, ఆరాక ఉప్పు గాడిలోనే పేరుకుంటుంది. అంట్లు తోమే లిక్విడ్ కూడా జిడ్డు పొర మిగులుస్తుంది.

పాత మైక్రోఫైబర్ గుడ్డ పరిచి రికార్డును దాని మీద పెట్టండి. లేబుల్ మీద ప్లాస్టిక్ మూత బోర్లించండి. స్టైరీన్ లేబుల్ తడిస్తే జిగురు ఊడి చేతికొస్తుంది. ఒక వైపుకు 5 మి.లీ. ద్రావణం, మెత్తని వెల్వెట్ బ్రష్‌తో గాడి వెంట గుండ్రంగా, అడ్డంగా ఎప్పుడూ కాదు. నిమిషం నాననిచ్చి తుడవండి. తర్వాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ అదే పని. ఈ రెండో కడుగు చాలామంది వదిలేస్తారు, అప్పుడు కరిగిన మురికి గాడి అడుగున ఎండి మొదటికన్నా ఎక్కువ చిటపటలాడుతుంది. గిన్నెల స్టాండులో నిలబెట్టి నీడలో అరగంట ఆరనివ్వండి.

దాచడం

వేడీ తేమా మన దగ్గర అసలు శత్రువులు. ఉత్తమం 20 డిగ్రీలు, 45 నుంచి 50 శాతం తేమ. విశాఖలోనో కాకినాడలోనో అది ఏసీ గదిలో తప్ప కుదరదు. కాబట్టి బయటి గోడకు ఆనించని చెక్క అర, నేలకు అడుగు ఎత్తున పెట్టుకోండి. రికార్డులు నిలువుగా, వేలు దూరేంత వదులుగా ఉంచండి. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే వంకర తిరుగుతాయి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారగానే మార్చండి. వానాకాలంలో నెలకోసారి తీసి చూడండి. కవరు మీద తెల్లని బూజు మచ్చ కనిపిస్తే ఆ కవరు పారేసి రికార్డు కడిగి కొత్త కవరులో పెట్టండి.

బయటి కవర్లు పాలీప్రొపిలీన్‌వో, పాలిథీన్‌వో వాడండి. మెత్తటి పీవీసీ కవర్లు మన ఎండలకు నూనె వదిలి వినైల్ మీద పోని మసక పొర వేస్తాయి.

బట్టల బీరువా అలవాటుతో పురుగులకని పెట్టెలో కలరా ఉండలు వేయకండి. నాఫ్తలీన్ ఆవిరి పాలీస్టైరీన్‌ను మెత్తబరుస్తుంది. మూసిన పెట్టెలో కొన్ని నెలలుంటే స్టైరీన్ 45ల పైపొర జిగటెక్కి కవరుకు అంటుకుంటుంది, గాడి తిరిగి రాదు. పురుగుల భయం ఉంటే పాత కాగితం కవర్లన్నీ తీసేసి కొత్తవి వేయండి, అవి తినేది ఆ కాగితాన్నీ జిగురునే. తీసేసిన కవరు ఆ కంపెనీ అసలు కవరైతే పారేయకుండా విడిగా పాలిథీన్ సంచిలో దాచండి. అమ్మేటప్పుడు దానికీ ధర పలుకుతుంది.